తెల్లవారేసరికి వచ్చే చేతులు

లాస్ ఏంజెలెస్ శివార్లలో ఒక ఇల్లు. వంటగదిలో ఎవరో కాఫీకి నీళ్లు పడుతున్న చప్పుడు. పడగ్గదిలో ఉన్నావిడకి మెలకువ వచ్చి చాలాసేపయింది గానీ కళ్లు తెరవాలని లేదు. ఆవిడ తనంతట తాను లేవలేదు, పక్కకి ఒత్తిగిల్లలేదు, ముక్కు దురద పెడితే గోక్కోలేదు. కాసేపట్లో స్నేహితురాలు తలుపు తోసుకుని లోపలికి వస్తుంది, నవ్వుతూ పలకరిస్తుంది. తిరిగి నవ్వడానికి తన దగ్గర ఓపిక లేదని ఆవిడకి తెలుసు. అందుకే, నా దగ్గర నవ్వు లేదు, నీది కాస్త అప్పివ్వు అని దేవుణ్ని అడుగుతుంది. ఆ తర్వాతే కళ్లు తెరుస్తుంది.

ఆవిడ పేరు జానీ ఎరిక్సన్ టాడా. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ క్రైస్తవ సభల్లో ఆవిడ మాట వినడానికి జనం వేలల్లో వస్తారు. దాదాపు యాభై పుస్తకాలు రాసింది. 1982 నుంచి రేడియోలో మాట్లాడుతోంది. పదిహేడో ఏట మెడ విరిగింది. అప్పటినుంచీ భుజాల కింద శరీరం ఆవిడ మాట వినదు.

స్నేహితురాలు వచ్చాక జరిగేదంతా జానీ సభల్లో దాచకుండా చెబుతుంది. ముందు దుప్పటి తీసి కాళ్లూ చేతులూ వంచి, చాచి, కీళ్లు బిగుసుకుపోకుండా కసరత్తు చేయిస్తారు. మలమూత్రాల పని మంచం మీదే. తర్వాత తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తారు. ఇటు తిప్పి ఒక చేయి, అటు తిప్పి ఒక చేయి తొడిగి బట్టలు వేస్తారు. నడుము నిలబడటానికీ ఊపిరి సరిగా ఆడటానికీ పొట్ట చుట్టూ బెల్టు బిగిస్తారు. ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెడతారు. పళ్లు తోముతారు, జుట్టు దువ్వుతారు, ముక్కు చీదిస్తారు, టిఫిన్ తినిపిస్తారు. ఇదంతా అయ్యాక గానీ ఆవిడ గడప దాటదు. ఇది పండగ రోజయినా, ఒంట్లో బాగోలేని రోజయినా, వేలమంది ముందు ప్రసంగించాల్సిన రోజయినా ఒకటే. ఒకే మనిషి మీద భారం పడకుండా స్నేహితురాళ్లు వారంలో రోజులు పంచుకుని వంతుల వారీగా వస్తారు.

ప్రేరణ ప్రసంగాలు మనకిప్పుడు ఫోన్ తెరవగానే దొరుకుతాయి. కాళ్లూ చేతులూ లేకుండా పుట్టిన ఆస్ట్రేలియా వక్త నిక్ వుయిచిచ్ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినన్ని ఏ స్వామీజీవీ, ఏ పాస్టరువీ తిరిగి ఉండవు. అవి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటాం, మన కష్టం ఎంతలే అనుకుంటాం, పక్కవాళ్లకి పంపుతాం. ఆస్ట్రేలియాకే చెందిన స్టెల్లా యంగ్ అనే పాత్రికేయురాలు, తనూ చక్రాల కుర్చీలోనే తిరిగిన మనిషి, 2014లో సిడ్నీలో ఒక ప్రసంగం చేసింది. మీరు పొద్దున్నే హుషారుగా లేవడానికి మమ్మల్ని వాడుకోకండి అన్నది ఆమె వాదనలో సారం. ఆ మాటలో న్యాయముంది. వేదిక మీద వెలుగులో కనిపించే అరగంట చూసి చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. ఆ మనిషిని మంచం మీదనుంచి లేపిందెవరు, మెట్లెక్కించిందెవరు, సభ అయ్యాక యూరిన్ బ్యాగు మార్చేదెవరు అని అడగం. జానీ ఎరిక్సన్ టాడా మీద ఈ కథనం రాయాలనిపించడానికి కారణం అదే. ఆవిడ ఆ పొద్దుటి పనినంతా వేదిక మీదికి తెచ్చింది. ఆవిడ బోధలో సగం అక్కడినుంచే పుట్టింది.

నీళ్లలో తేలిన జుట్టు

జానీ 1949 అక్టోబరు 15న అమెరికాలోని బాల్టిమోరులో పుట్టింది. తండ్రి పేరు జాన్, ఆయన పేరే ఈవిడకీ వచ్చింది. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరుది. గుర్రపుస్వారీ, ఈత, టెన్నిస్, ఒకచోట కుదురుగా కూర్చోని పిల్ల. 1967 జూలై 30న అక్క క్యాథీతో కలిసి చెసపీక్ అఖాతంలో ఈతకి వెళ్లింది. తెప్ప మీదనుంచి తలకిందులుగా దూకింది. అక్కడ నీళ్లు లోతు లేవు. తల అడుగున తగిలి మెడ విరిగింది.

నీళ్లలో బోర్లా పడి ఉంది. కదలలేదు, ఊపిరి తీసుకోలేదు. సరిగ్గా ఆ నిమిషంలో అక్క కాలి వేలిని ఒక పీత కరిచింది. పీతలున్నాయి జాగ్రత్త అని చెల్లెలికి చెప్పడానికి క్యాథీ వెనక్కి తిరిగింది. చెల్లెలు కనిపించలేదు, నీటిమీద తేలుతున్న జుట్టు కనిపించింది. జానీ ముందురోజే జుట్టుకి బంగారు రంగు వేసుకుంది. మామూలు గోధుమరంగులో ఉంటే ఆ మసక నీళ్లలో కనిపించి ఉండేది కాదు. పీత కరవడం, జుట్టు రంగు రెండూ దేవుడి ఏర్పాటేనని జానీ నమ్మకం. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. నాకు మటుకు ఆ కథలో పైకి లాగిన చేతులే కనిపిస్తాయి. చెల్లెల్ని నీళ్లలోంచి ఎత్తిన అక్కతో మొదలై, ఆవిడ బతుకు ఇప్పటిదాకా ఎవరో ఒకరి చేతుల మీదుగానే నడుస్తోంది.

ఆస్పత్రిలో స్ట్రైకర్ ఫ్రేమ్ అనే మంచం మీద వేశారు. కింద ఒక పలక, పైన ఒక పలక, మధ్యలో మనిషి. కొన్ని గంటలకోసారి మంచాన్నే తిప్పేస్తారు. కాసేపు పైకప్పు చూస్తూ, కాసేపు నేల చూస్తూ ఉండాలి. ఆ రోజుల్లో చావాలనుకుంది. చావడానికి కూడా చేతులు కావాలి, ఆవిడకి చేతులు లేవు. మాత్రలు తెచ్చిపెట్టమని స్నేహితుల్ని బతిమాలింది. వాళ్లు ఒప్పుకోలేదు. రాత్రిళ్లు దిండు మీద తలని అటూ ఇటూ విసిరికొట్టేదట, మెడ ఇంకాస్త పైన విరిగితే ప్రాణం పోతుందేమోనని. పెద్ద బోధకురాలయ్యాక కూడా ఈ సంగతి ఆవిడ మెత్తబరచి చెప్పలేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాటలు అలాగే చెబుతుంది. మంచానపడ్డ కుర్రవాడో కూతురో చచ్చిపోతానంటే, అలాంటి మాటలు అనకూడదు, పాపం అని నోరు మూయించే ఇళ్లు మనకి బోలెడు. జానీ తన చీకటిని పేరుపెట్టి చెప్పింది గనకే ఆవిడ దగ్గరికి అలాంటివాళ్లు ఉత్తరాలు రాస్తారు.

రెండేళ్లపాటు ఆస్పత్రులు, శిక్షణ కేంద్రాలు. పెన్ను నోట్లో పెట్టుకుని రాయమంటే మొదట రోత పుట్టిందావిడకి. తనలాగే మెడ విరిగినవాళ్లు చుట్టూ అదే పని చేస్తుంటే చూసి మెల్లగా పట్టింది. ముందు అక్షరాలు, తర్వాత గీతలు, తర్వాత కుంచె. ఆ బొమ్మలతోనే ఊరికి తెలిసింది, టీవీలో కనిపించింది. 1976లో తన పేరునే పుస్తకం పేరుగా పెట్టి ఆత్మకథ రాసింది. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1979లో దాన్ని సినిమాగా తీస్తే తన పాత్ర తనే వేసింది. అదే ఏడు ‘జానీ అండ్ ఫ్రెండ్స్’ సంస్థ పెట్టింది.

లిఫ్టు దగ్గర వరస

ఆవిడ చెప్పే కథల్లో నన్ను ఎక్కువగా కదిలించింది ఒక స్వస్థత సభ కథ. 1970ల మొదట్లో కేథరిన్ కూల్‌మన్ అనే బోధకురాలి సభలంటే అమెరికాలో జనం విరగబడేవాళ్లు. వాషింగ్టన్‌లో ఒక పెద్ద హోటల్లో ఆమె సభ జరుగుతుంటే జానీ అక్కతో కలిసి వెళ్లింది. చక్రాల కుర్చీలవాళ్లందరికీ ఒక పక్కన చోటిచ్చారు. పాటలు, ప్రార్థనలు. స్పాట్‌లైటు వెలుగు హాల్లో ఒక మూలకి వెళ్లింది, అక్కడెవరో లేచి నిలబడ్డారు. ఇంకో మూలకి వెళ్లింది, అక్కడెవరికో బాగయింది. ఇటు వస్తుంది, ఇటు వస్తుంది అని కుర్చీలవాళ్లు చూస్తున్నారు. వెలుగు ఆ పక్కకి రాలేదు.

సభ పూర్తి కాకముందే కార్యకర్తలు వచ్చి, జనం రద్దీకి ముందే మిమ్మల్ని బయటికి పంపించేస్తామన్నారు. లిఫ్టు దగ్గర వరసగా నిలబెట్టారు. ముందూ వెనకా చక్రాల కుర్చీలు, చంకకర్రలు. ఎవరూ మాట్లాడలేదు. ఇలా మనుషులు నిరాశతో ఇళ్లకి వెళ్లడమేమిటి, ఇందులో ఏదో తప్పుంది అని అక్కడ అనిపించిందని జానీ చెబుతుంది. అంతకుముందు తన చేతుల్నీ కాళ్లనీ అప్పటికే బాగయ్యాయన్నట్టు చూసుకుని, స్నేహితులకి ఫోన్ చేసి, ఈసారి కలిసినప్పుడు నన్ను గుమ్మంలో నిలబడి చూస్తారు అని చెప్పిన పిల్ల ఆవిడ.

మనకి ఈ దృశ్యం కొత్తది కాదు. కోస్తా జిల్లాల్లో వేసవి వచ్చిందంటే ఊరి బయట మైదానంలో షామియానాలు వేస్తారు, గోడల మీద ‘స్వస్థత మహాసభలు’ అని పోస్టర్లు పడతాయి. ఆటోల్లో, ట్రాక్టర్లలో కాళ్లు చచ్చుబడ్డ పిల్లల్నీ పక్షవాతం పెద్దల్నీ ఎత్తుకొస్తారు. ముందు వరసలో చోటు దొరుకుతుంది. సాక్ష్యం చెప్పడానికి స్టేజీ ఎక్కేవాళ్లు మాత్రం లేచి నడిచినవాళ్లే. నడవనివాళ్ల సాక్ష్యం ఎవరూ అడగరు. మూడో రోజు రాత్రి మళ్లీ అదే ఆటోలో, అదే ఒళ్లో పడుకుని ఇంటికి పోతారు. మర్నాడు పక్కింటివాళ్లు వచ్చి విశ్వాసం చాల్లేదేమో అంటారు. హిందూ ఇళ్లలో ఈ మాటే కర్మ అనే పేరుతో వస్తుంది, ఏ జన్మలో ఏం చేసుకున్నాడోనని. చర్చి మాటయినా గుడి మాటయినా ఆ ఇంటి తల్లికి తగిలే దెబ్బ ఒకటే.

జానీ ఆ లిఫ్టు దగ్గర్నుంచి వచ్చి దేవుణ్ని వదిలేయలేదు. బైబిలు మళ్లీ మొదటినుంచి చదువుకుంది. స్టీవ్ ఎస్టెస్ అనే స్నేహితుడు ఆవిడ పక్కన కూర్చుని ప్రశ్నకి ప్రశ్న, వాక్యానికి వాక్యం తిరగేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి పుస్తకాలు రాశారు. దేవుడు బాగుచేయగలడు గానీ బాగుచేసి తీరాలన్న ఒప్పందం లేదు, బాగుకాని శరీరంలోనూ ఆయన పని నడుస్తుంది అన్నది ఆవిడ చివరికి పట్టుకున్న మాట. బాధ ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి ఆవిడ ఇచ్చే జవాబులన్నీ నాకు ఒప్పుదల కావు. ఇది దేవుడు తెలిసి అనుమతించిందే అంటే, ఎందరో తల్లులకి అది మింగుడుపడదు. కానీ ఆవిడ ఆ జవాబు చెప్పేది మంచం మీదనుంచి. నొప్పి లేని మనిషి నొప్పి ఉన్నవాళ్లకి చెప్పే పాఠం కాదది.

యోహాను సువార్తలో బేతెస్ద కోనేటి కథ ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్న రోగి ఒకడు. బాగుపడాలని ఉందా అని యేసు అడిగితే, తనని కోనేట్లోకి దించడానికి మనిషి లేడని చెబుతాడు. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో జానీ తననూ ఆ కోనేటి ఒడ్డున ఊహించుకునేది, నన్నూ చూడు అని పిలిచేది. చాలా ఏళ్ల తర్వాత భర్తతో యెరూషలేము వెళ్లినప్పుడు ఆ కోనేటి శిథిలాల దగ్గర చక్రాల కుర్చీలోనే కూర్చుని, ఆరోజు అడిగింది ఇవ్వనందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. బోధకులు ఈ ముగింపునే ఎక్కువగా చెబుతారు. నేను మాత్రం ఆ రోగి ఇచ్చిన జవాబు దగ్గరే ఆగిపోతాను. నాకు మనిషి లేడు అన్నాడతను. మార్కు సువార్తలో కపెర్నహూములో ఇంకో పక్షవాత రోగి ఉన్నాడు. అతనికి నలుగురున్నారు. మంచంతో సహా మోసుకొచ్చారు, గుమ్మం దగ్గర జనం సందివ్వకపోతే ఇంటికప్పు విప్పి లోపలికి దించారు. ఆ నలుగురి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. జానీ స్నేహితురాళ్లు ఆ నలుగురి కోవకి చెందినవాళ్లు.

ఊపిరి అప్పు

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. జానీకి దెబ్బ తగిలింది నాలుగు, అయిదు పూసల దగ్గర. అంత పైన వెన్నుపాము దెబ్బతింటే భుజాలు, మోచేతుల పైభాగం కాస్త కదులుతాయి, వేళ్లు కదలవు, నడుమూ కాళ్లూ మొత్తానికే లేవు. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరానికి నాడులు మెడలో మూడు, నాలుగు, అయిదు స్థాయిల నుంచే వస్తాయి. అందుకని ఊపిరి ఆడుతుంది గానీ నిండుగా ఆడదు. గట్టిగా దగ్గడానికి కావలసిన పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు పనిచేయవు. మామూలు జలుబు న్యుమోనియా దాకా పోతుంది.

చర్మం ఇంకో గండం. మనం కుర్చీలో కూర్చుని మనకి తెలియకుండానే కదులుతుంటాం. స్పర్శ తెలియని మనిషి కదలడు. ఎముక మీద ఒత్తుకున్న చోట చర్మానికి రక్తం అందక పడక పుండు పడుతుంది. అది మానడానికి వారాలకి వారాలు మంచం మీదే ఉండాలి. జానీ అలా మంచం పట్టిన సందర్భాలున్నాయి. పడుకున్నప్పుడు రెండేసి గంటలకి పక్క మార్చాలని ఆస్పత్రుల్లో నేర్పుతారు. ఇది కాక, మూత్రాశయం నిండినా, ప్యాంటు మడత ఒత్తుకున్నా బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది. తల పగిలేంత నొప్పి, ముఖమంతా చెమటలు. కారణం వెతికి వెంటనే తీసేయకపోతే ప్రాణానికే ముప్పు. ఒంటికి తెలియని బాధని పక్కనున్న మనిషి కళ్లతో కనిపెట్టాలి. చేతులు సాయం చేస్తే చాలదు, ఆ చేతులకి చదువు కూడా కావాలి.

ఆవిడ పాడుతుంది. 2013లో వచ్చిన ఒక సినిమాకి ‘అలోన్ యెట్ నాట్ అలోన్’ అనే పాట పాడింది. ఆవిడ ఊపిరి బలం మామూలు మనిషిలో ఇంచుమించు సగం. రికార్డింగు గదిలో పై స్థాయి స్వరం వచ్చినప్పుడు భర్త కెన్ పక్కన నిలబడి రెండు చేతులతో ఆవిడ డయాఫ్రమ్ దగ్గర నొక్కాడు. ఆ ఒత్తిడికి లోపలి గాలి పైకి వచ్చి స్వరం అందుకుంది. మైకులో పడిన ఊపిరి ఇద్దరిది. ఆ పాట 2014 జనవరిలో ఆస్కార్ నామినేషన్ల జాబితాలో చేరింది. రెండు వారాలు తిరక్కుండానే, స్వరకర్త అకాడమీ సభ్యులకి స్వయంగా ఈమెయిళ్లు పంపాడన్న కారణంతో ఆ నామినేషన్ని రద్దు చేశారు. అందులో జానీ ప్రమేయం లేదు.

వాళ్లిద్దరి మధ్య

కెన్ టాడా జపాన్ మూలాలున్న అమెరికన్, హైస్కూలు మాస్టారు. 1982 జూలైలో పెళ్లయింది. ఉద్యోగం అయిపోయాక జానీ పనిలోనే పూర్తిగా దిగాడు. ఇద్దరూ కలిసి 2013లో తమ కాపురం గురించి ఒక పుస్తకం వెలువరించారు. ఈ దంపతుల గురించి సభల్లో చెప్పే తియ్యటి మాటలకంటే ఆ పుస్తకంలోని కష్టమే నాకు విలువైనదనిపించింది. ప్రతి రాత్రీ లేచి భార్యకి పక్క మార్చడం, మర్నాడు బడికి పోవడం, సెలవు లేకపోవడం. కెన్ లోలోపల కుంగిపోయాడు, భార్యకి దూరంగా జరిగాడు. 2000 తర్వాత జానీకి నడుము, తుంటి దగ్గర తీరని నొప్పి మొదలైంది. స్పర్శ తెలియని శరీరంలో నొప్పేమిటని కొందరికి అనుమానం రావచ్చు. దెబ్బతిన్న నాడులు తప్పుడు కబురు పంపినా నొప్పి నొప్పే, అది ఆవిడని ఏళ్ల తరబడి వేధించింది. రాత్రిళ్లు నొప్పితో భర్తని పిలవాలి, పిలిచినప్పుడల్లా ఆయన నిద్ర చెడుతుంది, చెడుతుందని ఆవిడకి తెలుసు.

2010లో రొమ్ము క్యాన్సరు బయటపడింది, మూడో దశలో. శస్త్రచికిత్స, కీమోథెరపీ. ఆ సమయంలోనే తాము మళ్లీ దగ్గరయ్యామని ఇద్దరూ చెబుతారు. 2018లో మళ్లీ వచ్చింది. మళ్లీ శస్త్రచికిత్స, రేడియేషన్. 2019లో తగ్గిందన్నారు. సేవ చేసే మనిషి అలసిపోతాడని, కోపం వస్తుందని, పారిపోవాలనిపిస్తుందని ఒప్పుకున్న బోధకులు తక్కువ. మన దగ్గర ‘మహాతల్లి, భర్తని కంటికి రెప్పలా చూసుకుంది’ అని పొగిడి దండం పెడతాం. ఆ మహాతల్లికి ఒక మధ్యాహ్నం నిద్ర ఇప్పించం.

జానీ ప్రభావం చర్చి గోడల దగ్గర ఆగలేదు. రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో జాతీయ వికలాంగుల మండలిలో సభ్యురాలిగా ఆవిడని నియమించారు. వికలాంగుల హక్కుల మీద అమెరికా చట్టానికి ముసాయిదా పుట్టింది ఆ మండలిలోనే. 1990 జూలై 26న వైట్‌హౌస్ పచ్చికలో అధ్యక్షుడు జార్జి బుష్ దాని మీద సంతకం పెట్టినప్పుడు ఆవిడ అక్కడుంది. బస్సు ఎక్కడానికి, ఆఫీసులోకి పోవడానికి, ఉద్యోగం అడగడానికి దయ కాదు, హక్కు కావాలని ఒక మతబోధకురాలు నిలబడటం చిన్న సంగతి కాదు. మన దగ్గర వికలాంగుల కోసం 1995 చట్టం వచ్చింది, దాని స్థానంలో 2016 చట్టం వచ్చింది. ఏడు రకాల వైకల్యాలు గుర్తించినచోట ఇప్పుడు ఇరవై ఒకటి గుర్తిస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది.

రాయవేలూరు నుంచి తాటివనం దాకా

ఇదంతా అమెరికా సంగతి, డబ్బున్న దేశం అనేవాళ్లకి రాయవేలూరు గుర్తుచేస్తాను. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాలవాళ్లకి పెద్ద జబ్బంటే వేలూరు సీఎంసీ ఆస్పత్రే. అక్కడ డాక్టరుగా పనిచేస్తున్న కేరళ అమ్మాయి మేరీ వర్గీస్‌కి 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకి శస్త్రచికిత్స చేసే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆవిడకి దారి చూపాడు. నిలబడలేకపోతే కూర్చునే ఆపరేషన్లు చేయవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ చేతుల్ని సరిచేసింది. తర్వాత ఆస్ట్రేలియాలో, న్యూయార్కులో శిక్షణ పొంది తిరిగొచ్చి, వేలూరులో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల పునరావాస కేంద్రం 1966లో తెరిపించింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. మేరీ వర్గీస్ ప్రసంగాలు చేసిన మనిషి కాదు. పక్క మార్చడం, మూత్రం గొట్టం శుభ్రంగా పెట్టుకోవడం, పుండు పడకుండా చూసుకోవడం, మంచం మీదనుంచి కుర్చీలోకి జరగడం ఇంటివాళ్లకి కూడా నేర్పాలన్న వైద్యాన్ని మన దక్షిణాదికి తెచ్చింది.

మన పల్లెల్లో మెడలూ నడుములూ విరిగేది సముద్రంలో దూకి కాదు, తాటిచెట్టు మీదనుంచి జారి. గీత కార్మికుడు మోకు వేసుకుని ఎక్కుతాడు. వాన తడికో, మట్ట విరిగో పట్టు తప్పుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ‘కాటమయ్య రక్ష’ పేరుతో గీత కార్మికులకి రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి రాకముందు పడినవాళ్లు, వచ్చాకా పడినవాళ్లు ఊళ్లలో మంచాల మీద ఉన్నారు. అలాంటి ఇంట్లో పొద్దుట లేపేది భార్య. కూలికి వెళ్లేముందు ఆయన ఒళ్లు తుడిచి, యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, అందుబాటులో నీళ్లు పెట్టి, మధ్యాహ్నం పక్క మార్చడానికి బడిపిల్లవాణ్ని ఇంటికి రమ్మని చెప్పి పోతుంది. ‘ఒరేయ్, నాన్నని ఒంటిగంటకి ఇటు తిప్పరా, వీపు కింద చెయ్యి పెట్టి చూడు, ఎర్రగా ఉంటే నాకు చెప్పు’ అనే తల్లి మాటలో ఆస్పత్రి పాఠం మొత్తం ఉంది.

2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి పింఛను నెలకి 15 వేల రూపాయలు చేశారు. మిగతా వికలాంగులకి ఆరు వేలు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. 15 వేలు పేద ఇంటికి పెద్ద ఊరట, కాదనను. కానీ పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనిషిని నగరంలో కుదుర్చుకోవాలంటే అది చాలదు. పల్లెలో డబ్బున్నా పని తెలిసిన మనిషి దొరకడు. డబ్బుతో పాటు మనుషులు కావాలి, ఆ మనుషులకి పని నేర్పినవాళ్లు కావాలి.

జానీ సంస్థ చేసిన పనుల్లో రెండు ఇక్కడికి సరిపోతాయనిపిస్తుంది. ఒకటి, వాడేసిన చక్రాల కుర్చీలు సేకరించి, అమెరికా జైళ్లలో ఖైదీల చేత మరమ్మతు చేయించి పేద దేశాలకి పంపడం. కుర్చీని ఊరికే అప్పజెప్పరు. ఫిజియోథెరపిస్టులు కూడా వెళ్లి ఆ మనిషి తుంటి వెడల్పు, కాలి పొడవు కొలిచి సరిచేస్తారు. కొలత కుదరని కుర్చీ పుండు తెచ్చిపెడుతుంది. మన దగ్గర మంత్రిగారి పుట్టినరోజుకి వరసగా పెట్టి పంచే కుర్చీలన్నీ ఒకే కొలతవి.

రెండోది కుటుంబాల శిబిరం. వికలాంగులున్న కుటుంబాల్ని వారంపాటు ఒకచోటికి పిలుస్తారు. వికలాంగులైన పిల్లలకీ పెద్దలకీ పక్కన ఉండటానికి స్వచ్ఛంద సేవకుల్ని ఇస్తారు, వాళ్లకి ముందే శిక్షణ ఉంటుంది. తినిపించడం, ఆడించడం, బాత్రూముకి తీసుకెళ్లడం ఆ వారం వాళ్ల పని. తల్లి వేడివేడిగా అన్నం తింటుంది, నిద్రపోతుంది, తనలాంటి ఇంకో తల్లితో మాట్లాడుతుంది. ప్రార్థన, వాక్యం ఉంటాయి. ఎవర్నీ లేచి నడవమని అడగరు.

ఇలాంటి శిబిరం ఇక్కడా పెట్టవచ్చు. మన చర్చిల్లో మే నెలలో వీబీఎస్ పేరుతో పిల్లలకి సెలవుల బైబిలు బడి పెడతారు. దానికి షామియానా ఉంటుంది, వంటవాళ్లుంటారు, పాటలు నేర్పే యూత్ కుర్రవాళ్లూ అమ్మాయిలూ పదులకొద్దీ ఉంటారు. గుళ్ల దగ్గర ఉత్సవాల్లోనూ సేవకులకి కొదవ ఉండదు. బడి అయిపోయిన మర్నాడు ఆ షామియానా విప్పకుండా ఇంకో అయిదు రోజులు ఉంచమని పాస్టర్‌గారిని అడగవచ్చు. ఏరియా ఆస్పత్రి ఫిజియోథెరపిస్టుని రెండు పూటలు పిలిచి పక్క మార్చడం, ఎత్తడం, గొట్టం జాగ్రత్తలు ఆ కుర్రవాళ్లకి నేర్పించవచ్చు. చుట్టుపక్కల పది ఊళ్లలో మంచాన ఉన్నవాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. మెట్లున్న చోట ముందురోజే రెండు చెక్కపలకలు వేయించాలి. ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున కుర్రవాళ్లు ఉదయం ఆరింటికల్లా ఇంటికి వెళ్లి, వాళ్లని లేపి, స్నానం చేయించి తీసుకురావాలి. ఆ అయిదు రోజులూ ఆ ఇంటి ఇల్లాలు పనికి పోకపోయినా గడిచేలా రోజుకూలి డబ్బు చందాల్లోంచి ఇవ్వాలి.